కడప చిత్రమునకు చెన్నపట్టణపు సుంకము

లండను నగరమందలి వేలపుశాలలలో దక్కను దేశపు ప్రాచీన చిత్రములు అప్పుడప్పుడు అమ్మకమునకు వచ్చుచుండును. గోలకొండ, బిజాపురము, హైదరాబాదు అను పేరులు ఆ పట్టికలలో తరచుగా కనబడును. వానితోడనే, అరుదుగా నైనను, కర్నూలు, కడప అను పేరులును కనబడుట కలదు. పదునెనిమిదవ శతాబ్దమున మయానా వంశపు నవాబులు కడపను, సిద్ధవటమును పాలించిన కాలమున వారి యాశ్రయమున చిత్రకారులు పనిచేసిరి. దక్కను చిత్రకళను గూర్చి వ్రాయు పండితులు కర్నూలు, కడప, సురపురముల చిత్రములను ఒక్క కుదురుగా చెప్పుదురు. 1779లో హైదరాలీ ఆ సంస్థానమును కబళించెను. 1800లో నిజాము ఆ సీమనంతయు ఈస్టిండియా కంపెనీకి దత్తము చేసెను. ఆస్థానము పోయినది, చిత్రములు చెదరినవి. తమ సీమ పేరు మోయుచున్న చిత్రమును చూడగోరు కడప జిల్లావాసులు నేడు దానిని వెదకవలసినది పెన్నాతీరమున కాదు, పరదేశపు చిత్రశాలలలోను వేలపు పట్టికలలోను.

అట్టి చిత్రము నొకదానిని కమలాపురపు గృహస్థు డొకడు కొని యింటికి దెచ్చుకొనదలచె ననుకొందము. ఇది వట్టి యూహ గాదు. ఆ తాలూకా ప్రజలు పరదేశములకు పోయి సంపాదించుట యెరిగినవారే. వేలములో పాల్గొనుటకు నేడు లండను వరకు పోనక్కరలేదు. కూర్చున్న చోటినుండియే పాట పాడవచ్చును. బ్యాంకు ద్వారా సొమ్ము పంపవచ్చును. పాపఘ్నీతీరమున నున్నను, థేమ్సు తీరమున నున్నను కొనువాని ధర ఒక్కటియే. కాని కొనుట వేరు, ఇల్లు చేర్చుట వేరు. ఈ రెంటి నడుమ నున్న దూరమును క్రోసులలో గాక రూపాయలలో కొలిచి చూతము.

చిత్రమునకు వేలపుశాల రుసుముతో గూడ లక్ష రూపాయలు పడినదని లెక్కించుకొందము. ఈ రుసుమే తక్కువది గాదు. పాట ధరపై నూటికి ఇరువదికి పైబడి పెద్ద వేలపుశాలలు వసూలు చేయుచుండును. ఇది మనము చెప్పుకొనిన లక్షలోనే చేరియున్నది. దానిని పెట్టెలో నమర్చి విమానముపై చెన్నపట్టణమునకు జేర్చుటకు ముప్పదివేలు బాడుగ యైనదనుకొందము. చిత్రము చేయెత్తు కాగితమైనను దానికి గాజు, అట్ట, దూది, కొయ్యపెట్టె అవసరమగుటచే బాడుగ చిత్రము బరువునుబట్టి గాక పెట్టె కొలతనుబట్టి నిర్ణయమగును. ఇక సుంకపుశాల వారి లెక్క. వారు చిత్రపు ధరపై మాత్రమే సుంకము విధింపరు. ధరకు బాడుగను, భీమాను చేర్చి ఆ మొత్తమును సరకు విలువగా పరిగణింతురు. విమానపు బాడుగ ఎంతయైనను ధరలో ఐదవవంతుకు మించి చేర్చరాదని 2007 నాటి విలువకట్టు నిబంధనలలో నున్నది. కావున ముప్పదివేలకు ఇరువదివేలే చేరును. భీమా లెక్క విడిగా తెలియనిచో నూటికి 1.125 చొప్పున 1,125 రూపాయలు చేర్తురు. ఇట్లు విలువ 1,21,125 రూపాయలైనది. దీనిపై నూటికి 10 చొప్పున మూలసుంకము 12,112. ఆ సుంకముపై మరల పదియవవంతు సాంఘిక సంక్షేమపు సర్‌ఛార్జి 1,211. ఈ రెంటిని విలువకు జేర్చి, ఆ మొత్తముపై 5 చొప్పున జీఎస్టీ 6,722. అన్నియు కలిసి ఇరువదివేల పైమాట.

2025 సెప్టెంబరు 22వ తేదీకి పూర్వమైనచో జీఎస్టీ నూటికి 12గా నుండెను. అప్పుడు ఇదే చిత్రమునకు ఇరువదితొమ్మిదివేల నాలుగువందలు దాటెడిది. చిత్రములు, శిల్పములు, నూరేండ్లు దాటిన ప్రాచీన వస్తువులు మొదలైన వానిపై ఈ పన్నును 5కు తగ్గించినందులకు ప్రభుత్వమును అభినందింపవలసినదే. అయినను లక్ష రూపాయల చిత్రము కమలాపురము రైలుస్టేషను చేరకమునుపే లక్షన్నర రూపాయల చిత్రమైనది. సుంకపు దళారి కూలి, గిడ్డంగి అద్దె, చెన్నపట్టణమునుండి ఇంటివరకు బండి ఖర్చు ఇంకను లెక్కకు రాలేదు.

ఇందు మరియొక చిత్రము కలదు. బాడుగ యనునది కొన్న వస్తువు గాదు. అది విమానపువానికి ఇచ్చిన కూలి. ఆ కూలిపై గూడ సుంకము, ఆ సుంకముపై సర్‌ఛార్జి, ఆ సర్‌ఛార్జిపై పన్ను! సంపన్నుని కోటి రూపాయల చిత్రమునకును, ఉపాధ్యాయుని ఇరువదివేల చిత్రమునకును పెట్టె యొక్కటియే కావచ్చును. కోటిలో బాడుగ లెక్కకు రాని తునక. ఇరువదివేలలో అది సగముకంటె మిక్కుటము. చిన్న కొనుబడి చేయువానినే ఈ పద్ధతి ఎక్కువగా నలుపుచున్నది. ఐదవవంతు అను హద్దు విమానమునకే గాని ఓడకు లేదు. బరువైన రాతిశిల్పమును ఓడపై దెప్పించుకొనువానికి బాడుగ యంతయు విలువలో చేరవలసినదే.

ప్రొద్దుటూరి బంగారపు అంగళ్లలో దిగుమతి సుంకమను మాటను వివరింప నవసరము లేదు. 2024 జూలైలో కేంద్రప్రభుత్వము బంగారముపై సుంకమును నూటికి 15 నుండి 6కు దించెను. దొంగరవాణా తగ్గుననియు, నగలపని వృద్ధియగు ననియు కారణములు చెప్పిరి. ఆ కారణములు సబబైనవే. అయితే ఆ నాడు బంగారుకడ్డీ నూటికి ఆరు చెల్లించి లోనికి వచ్చుచుండగా, కడప నవాబు కొలువునందు వ్రాయబడిన చిత్రము సర్‌ఛార్జితో గూడ పదునొకండు చెల్లించవలసి యుండెను. ఏది విలాసము, ఏది వారసత్వము అను ప్రశ్నకు మన సుంకపు పట్టిక ఇచ్చిన ప్రత్యుత్తర మిది.

ఇంతవరకు సొమ్ము మాట. మా అభ్యంతరము సొమ్మును గూర్చినది మాత్రమే కాదు. 1972లో పార్లమెంటు ప్రాచీనవస్తువుల, కళానిధుల చట్టమును చేసెను. 1976 ఏప్రిలు 5 నుండి అది అమలులోనికి వచ్చెను. నూరేండ్లు దాటిన చిత్రము గాని శిల్పము గాని ఈ దేశమునుండి వెలుపలికి పంపుట, కేంద్రప్రభుత్వమునకు దక్క, ఎవ్వరికిని తగదని ఆ చట్టము శాసించుచున్నది. మన కమలాపురపు గృహస్థుని చిత్రము దేశమున అడుగిడినతోడనే ఈ చట్టమునకు లోబడును. దానిని నమోదు చేయింపవలెను. మరల విదేశమున నమ్ముకొనుటకు వీలులేదు. చట్టము దృష్టిలో అది జాతిసంపద. మంచిదే. అట్లయినచో లోనికి వచ్చునప్పుడు అది సరకెట్లయినది? వెలుపలికి పోవు ద్వారమున జాతిసంపద, లోనికి వచ్చు ద్వారమున వర్తకపు మూట! ఒక్క వస్తువునకు ఒక్క ప్రభుత్వమే రెండు పేరులు పెట్టి, ఒక పేరున సంకెల వేయుచు, రెండవ పేరున సుంకము గొనుచున్నది. సుంకరి యెదుట సుఖదుఃఖములు చెప్పుకొన్నట్లని సామెత యున్నది గాని, ఇది సుంకరి తప్పు గాదు. అతడు పట్టికలో నున్నది వసూలు చేయుచున్నాడు. పట్టిక వ్రాసినవారును, చట్టము వ్రాసినవారును ఒకరి పత్రములను ఒకరు చదువుకొనకపోవుటయే తప్పు.

దీని ఫలితము కంటికి కనబడుచునే యున్నది. రవివర్మ, అమృతా షేర్‌గిల్, జామినీ రాయ్, నందలాల్ బోసు మొదలగు తొమ్మండుగురి చిత్రములను నూరేండ్లు దాటకున్నను కళానిధులుగా ప్రకటించి వాని ఎగుమతిని నిషేధించిరి. విదేశమున అట్టి చిత్రమును కొన్న భారతీయ ధనికుడు లెక్క వేసికొనును. లోనికి దెచ్చినచో సుంకము. తెచ్చిన పిమ్మట ప్రపంచపు బేరము మూసికొనును. ఇంక నేల తెచ్చును? లండనులోనో దుబాయిలోనో తన యింటి గోడపై వ్రేలాడదీయును. మనవాడు కొన్నాడు, మనదేశమునకు రాలేదు. చట్టము కాపాడదలచిన వస్తువును సుంకము వాకిట నిలిపివేయుచున్నది.

ఈ వస్తువులు పోయినప్పుడు ఎవరు సుంకము గొనిరి? అమరావతి స్తూపపు శిల్పములను 1845లో వాల్టరు ఎలియట్టు త్రవ్వించి మదరాసునకు జేర్పించెను. 1859లో అవి ఓడ నెక్కినవి. లండను చేరినవి సగౌరవముగా నిలుపబడినవా? థేమ్సు రేవు గిడ్డంగిలో కొంతకాలము వానకును మంచునకును నానినవి. ఆపై ఫైఫు హవుసను భవనపు బండ్లశాలలో పడియుండగా 1867లో జేమ్సు ఫెర్గుసను చూచి వెలుగులోనికి దెచ్చెను. 1880లో బ్రిటిషు మ్యూజియమునకు జేరినవి. ఆంధ్రదేశపు అపూర్వ శిల్పసంపద పెట్టెలలో బరువుసరకువలె పోయినది. పరిపాలకులే పంపినందున అడ్డుపెట్టువారు లేకపోయిరి. ఇప్పుడు అట్టి శిల్పపు తునక నొకదానిని ఏ ఆంధ్రుడైనను ఎక్కడనో న్యాయముగా కొని తెచ్చినచో మన సుంకపుశాల చేయిచాచును. మనదేశమునుండి పోయి తిరిగివచ్చు సరకునకు మినహాయింపు లేకపోలేదు. కాని అది ఎగుమతియైన మూడేండ్లలోపల, ప్రత్యేకానుమతితో ఐదేండ్లలోపల తిరిగివచ్చిన సరకునకే. రెండువందల యేండ్లు పరదేశముననున్న వస్తువు గడువు దాటినదట!

వస్త్రముల కథ మరియు విచిత్రమైనది. మచిలీపట్టణపు కలంకారి వస్త్రములకై పదునేడవ శతాబ్దమున ఐరోపాఖండము వెర్రియెత్తిపోయెను. చెట్లు, పక్షులు, తీగెలు కలముతో వ్రాసిన తెరలను అక్కడి ధనికులు పడకగదులలో వ్రేలాడదీసికొనిరి. తమ నేతగాండ్రు చెడిపోవుచున్నారని ఫ్రాన్సు 1686లో వానిని నిషేధించి, 1759 వరకు ఆ నిషేధమును సడలింపలేదు. ఇంగ్లండు 1700లో చట్టము చేసి అద్దకపు, కలంకారి వస్త్రములు తమ దేశమున వాడబడరాదనెను. అది చాలక 1721లో వాని వాడుకనే నేరముగా జేసెను. మన చిత్రకళకు విదేశపు సుంకపుద్వారము మూయబడుట అది మొదటిసారి. ఆ నిషేధమును దాటి నిలిచిన తెరలే నేడు ఐరోపా మ్యూజియములలో అద్దముల వెనుక మెరయుచున్నవి. వానిలో నొకటి బజారున కెక్కి కృష్ణాతీరమునకు తిరిగిరాదలచినచో ద్వారము మూయునది పారిసు గాదు, లండను గాదు, మనమే.

స్వదేశీ వ్రతము పట్టిన పత్రిక దిగుమతి సుంకమును తగ్గింపుమని వ్రాయుట వింతగా నున్నదని కొందరు నవ్వవచ్చును. నూలుపైనను, గుడ్డపైనను రక్షణసుంకము వలయునని వాదించుట వేరు. మాంచెస్టరు పంచె వచ్చినచో మన నేతగాని పంచె అమ్ముడుపోదు. ఒకటి రెండవదాని చోటు నాక్రమించును. చిత్రముల విషయ మట్టిది గాదు. పదునెనిమిదవ శతాబ్దపు కడప చిత్రము తిరిగివచ్చినందున నేటి ఏ చిత్రకారుని బియ్యము తగ్గును? పాత చిత్రమును చూచి కన్ను పదునెక్కినవాడు కొత్త చిత్రమును గూడ కొనును. చిత్రము లెన్నడును చూడని ఊరిలో చిత్రకారుడు బ్రతుకలేడు. ఈ సుంకము ఏ స్వదేశీ పరిశ్రమను రక్షించుచున్నదో మా కెవరైనను చూపినచో మా వాదమును విరమింతుము.

ప్రాచీన రాజనీతి ఈ విషయమున మనకంటె మెలకువ గలదై యుండెను. కౌటిల్యుడు పిసినారి. దిగుమతి సరకుపై ధరలో ఐదవవంతు సుంకము గొనుమన్నవాడు. అట్టివాడు గూడ వివాహమునకు, యజ్ఞమునకు, దేవపూజకు గొనిపోవు వస్తువులను సుంకము లేక విడువుమనెను. ప్రజలకు మహోపకారము చేయు వస్తువును, దుర్లభమైన విత్తనమును సుంకము లేకుండ రానిమ్మనెను. మన కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనము జగద్విదితము. ఓడ పగిలి ఒడ్డున బడిన సరకును రాజులు దోచుకొను ఆచారమును అతడు మానిపించెను. క్లుప్తమైన సుంకము దప్ప వేరొకటి గొననని శిలపై చెక్కించెను. ఆ సుంకము ముప్పదింట నొకటి, అనగా నూటికి మూడునరకు లోపల. అది వర్తకపు సరకుపైని మాట. దుర్లభమైన విత్తనమును గూర్చి కౌటిల్యుడు చెప్పిన మాటను చిత్రమునకు అన్వయించుకొనుటకు పెద్ద పాండిత్య మక్కరలేదు.

ఇతరదేశముల తీరును చూతము. బ్రిటనులో దిగుమతియగు చిత్రముపై సుంకము లేదు. విలువకూడికపు పన్ను గూడ తక్కువ తరగతిలో నూటికి 5 మాత్రమే. అమెరికా కథ మరింత యుపయోగకరమైనది. 1926లో బ్రాంకూసీ యను శిల్పి చేసిన పక్షిశిల్పము న్యూయార్కు రేవు చేరెను. నునుపైన ఇత్తడి కడ్డీవలె మెరయుచున్న ఆ వస్తువునకు ముక్కులేదు, రెక్కలు లేవు. సుంకపు ఉద్యోగులు దానిని వంటపాత్రల, ఆస్పత్రి సామానుల తరగతిలో జేర్చి నూటికి 40 వేసిరి. వ్యాజ్యము నడచినది. అది పక్షివలె నుండవలసిన పనిలేదనియు, శిల్పి చేతి సృష్టియైనచో కళయే యనియు 1928లో న్యాయస్థానము తీర్పుచెప్పి సుంకమును కొట్టివేసెను. ఆ దేశమే 2025 ఆగష్టు 27 నుండి మన సరకులపై నూటికి 50 వరకు సుంకము మోపినప్పుడు గూడ చిత్రములను, గ్రంథములను, ఛాయాచిత్రములను భావప్రసారపు సామగ్రిగా నెంచి విడిచిపెట్టెను. రొయ్యలపై పగబట్టిన చేయి చిత్రముపై పడలేదు. మన రొయ్యల రైతుకు అది ఓదార్పు గాదు. కాని చిత్రమును సరకునుండి వేరుచేయుట అసాధ్యమనువారికి ఇది సమాధానము.

మన ప్రభుత్వము గూడ ఈ భేదమును పూర్తిగా మరచిపోలేదు. బహిరంగ ప్రదర్శనకై మ్యూజియములు దెప్పించుకొను కళావస్తువులకు సుంకము మినహాయించుచున్నారు. గృహస్థునకు మాత్రము ఆ దయ లేదు. ప్రభుత్వోద్యోగి కొన్నది కళ, ప్రజలు కొన్నది విలాసమను ఈ విభజన మా కంగీకార్యము గాదు. మన మ్యూజియము లెట్లు పుట్టినవో తలచుకొనుడు. 1876లో మొదటి సాలార్‌జంగు రోముకు పోయి, బెంజోనీ చెక్కిన ముసుగుకన్నె రెబెక్కా పాలరాతి శిల్పమును కొనెను. అంతకు ఏడేండ్ల క్రిందటనే సూయజు కాలువ తెరువబడి ఐరోపాకును మనకును దారి దగ్గరయ్యెను; రెండేండ్ల క్రిందటనే హైదరాబాదునకు రైలు వచ్చెను. అవి లేనిచో అంత నాజూకైన రాతిని అంతదూరము మోసికొనివచ్చుట సాహసమే. ఆ కుటుంబపు మూడు తరములవారును కొన్నవన్నియు స్వంతమునకే కొనిరి. 1951 డిసెంబరు 16న నెహ్రూ ఆ సంగ్రహమును ప్రజలకు తెరచెను. 1961లో పార్లమెంటు దానిని జాతీయ ప్రాముఖ్యము గల సంస్థగా ప్రకటించెను. నేడు మెదకునుండి వచ్చిన బడిపిల్లవాడు గూడ ఆ ముసుగు రాతిదో బట్టదో తేల్చుకొనలేక నోరు తెరచి చూచుచున్నాడు. నాడు వారు మ్యూజియము పేర అర్జీ పెట్టుకొని యుండలేదు. ఒక తరము కొనును, ఒక తరము దాచును, మూడవ తరము ఊరికిచ్చును. నైజాము సంస్థానమునకు కరోడ్‌గిరి యను స్వంత సుంకశాఖ యుండెడిది. దాని నాకాల దగ్గర తెలంగాణపు రైతులు పడిన పాట్లను మేము మరువలేదు; సాలార్‌జంగుల దర్జాకు వత్తాసు పలుకుటయు మా యుద్దేశము గాదు.

చిత్రము పేర దొంగవ్యాపారము సాగుననునది బలమైన ఆక్షేపణ. దీనిని మేము తేలికగా తీసివేయము. చిత్రపు వెల ఇంతయని తూనికరాయి లేదు. పదివేలదానిని కోటియని వ్రాసి నల్లసొమ్మును దాటించువా రుందురు. అంతకంటె ఘోరమైనది దొంగిలించిన విగ్రహముల బేరము. ప్రకాశము జిల్లా చందవరపు బౌద్ధశిల్పము కథ తెలిసినదే. బుద్ధుని పూజించు భక్తుల బొమ్మ గల మూడవ శతాబ్దపు ఆ రాతిపలకను ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాల 2005లో న్యూయార్కు వ్యాపారినియొద్ద 5,95,000 డాలర్లకు కొనెను. అది మన చందవరమునుండి దొంగలు తరలించినదని తేలగా 2016లో మనదేశమునకు తిరిగి యిచ్చివేసిరి. జాతీయ చిత్రశాలయే మోసపోయినప్పుడు కమలాపురపు గృహస్థు డేమి జాగ్రత్తపడగలడని అడుగవచ్చును. కాని ఈ దొంగతనమును సుంకము ఆపినదా? దొంగ సుంకము కట్టుటకు వెనుదీయడు. అతనిని ఆపునది పూర్వచరిత్ర పత్రములను పరీక్షించు కన్ను, చందవరమువంటి చోట్ల కావలి కాయు మనిషి. వసూలైన సుంకములో ఎంతభాగము మన జిల్లాల శిల్పములకు కావలి పెట్టుటకు వినియోగమగుచున్నదో పుష్పగిరి చుట్టుపట్ల నున్న పాడుగుడులను చూచినవారికి చెప్పనక్కరలేదు.

ప్రభుత్వములు తలచుకొన్నచో పని యాగదు. 2025 ఏప్రిలులో లండను వేలమునుండి మహారాష్ట్ర ప్రభుత్వము రఘోజీ భోంస్లే ఖడ్గమును దక్కించుకొనెను. బాడుగ, భీమా మొదలగు ఖర్చులతో గూడ 47.15 లక్షలైనది. ఆ సంవత్సరము ఆగష్టులో ఖడ్గము బొంబాయి చేరగా ఊరేగింపు చేసిరి. అదే సంవత్సరము పిప్రాహ్వా బౌద్ధధాతువులతో దొరికిన రత్నములు హాంకాంగులో వేలమునకు రాగా, కేంద్రప్రభుత్వము అడ్డుపడి వేలమును ఆపించెను; ఒక భారతీయ పారిశ్రామికుడు వానిని కొని జూలైలో స్వదేశమునకు జేర్చెను. ఇట్టివారు పెద్దలు, వారికి ఢిల్లీ ద్వారములు తెరచుకొనును. ఎనుబది తొంబదివేలకు దొరకు చిన్న చిత్రమును, చినిగిన కలంకారి తెరను, తాళపత్రమును ఎవరు తెత్తురు? అవి తెచ్చువాడు ఉపాధ్యాయుడో, వైద్యుడో, కువైటులో ఇరువదియేండ్లు పనిచేసి ఊరు చేరిన మేస్త్రీయో కావలెను. కడపలో కలెక్టరు కచ్చేరీ ఉద్యోగిగా తెలుగు నేర్చిన బ్రౌను, 1835 తర్వాత ఇంగ్లండులో నున్నప్పుడు, ఇండియా హవుసు గ్రంథాలయమున మూలబడియున్న దక్షిణదేశపు వ్రాతప్రతులను గుర్తించి వానిని మదరాసునకు తిప్పిపంపునట్లు చేసెను. ఒక్కని పట్టుదల చేసిన పని యది. పరాయివానికి కలిగిన ఆ తలంపు కడపవాని కొకనికి నేడు కలిగినచో అతనిచేత మనము మూడుమార్లు పన్ను కట్టింతుము.

మేము కోరునది పెద్దది గాదు. ఈ దేశమున పుట్టి, నూరేండ్లు దాటి, విదేశమున న్యాయముగా కొనబడి తిరిగివచ్చు చిత్రమునకు గాని, శిల్పమునకు గాని, వస్త్రమునకు గాని, వ్రాతప్రతికి గాని మూలసుంకమును సర్‌ఛార్జిని పూర్తిగా మాన్పవలెను. అందులకు బదులుగా, దిగినతోడనే 1972 చట్టము క్రింద దానిని నమోదు చేయించుకొనవలెననియు, పూర్వయజమానుల పత్రములు చూపవలెననియు, కొన్ని యేండ్లకొకసారి జిల్లా మ్యూజియమువారు కోరినచో ప్రదర్శనకు ఎరువీయవలెననియు షరతులు పెట్టుడు. దొంగవ్యాపారికి ఈ షరతులు సుంకముకంటె భయంకరముగా నుండును. నిజమైన ప్రియునకు ఇవి భారము గావు. కొత్త చిత్రముల విషయమున సుంకమును విధింపదలచినచో ధరపై విధింపుడు. బాడుగను విలువలోనుండి తీసివేయుడు. పురావస్తుశాఖవారు చెన్నపట్టణపు సుంకపుశాలయొద్ద ఈ వస్తువులను చూచుటకు తెలిసినవాని నొకని నియమింపవలెను. ఫిబ్రవరి బడ్జెటుకు ముందు ఆర్థికశాఖ సలహాలు గోరుట వాడుక గనుక కడప లోక్‌సభ సభ్యుడు ఈ సంగతిని అప్పుడు లేవనెత్తవచ్చును. ఆంధ్రప్రదేశ, తెలంగాణ ప్రభుత్వములు మహారాష్ట్రమువలె వేలములకై కొద్దిపాటి నిధి నేర్పరచినను, మన కొనుగోలుదారు డొంటరి గాకుండును.

ఈలోపల కొనదలచినవారు కొన్ని సంగతులు గమనింతురు గాక. వేలపు పాటకు ముందే బాడుగ ఎంతయగునో వ్రాతమూలకముగా అడుగవలెను. పాట యైన పిదప అడిగినచో బేరమాడుటకు చోటుండదు. ప్రాచీన వస్తువులు బ్రిటనునుండి వెలికివచ్చుటకు వాని వయస్సును వెలనుబట్టి అక్కడి ఎగుమతి అనుమతి గూడ వలసియుండును. అది వచ్చువరకు ఓపిక పట్టవలెను. చిత్రము నిజమైన చేతిపనియా, అచ్చుపటమా యన్నదానినిబట్టి సుంకపు తరగతి మారును గనుక రసీదులో ఆ మాట స్పష్టముగా వ్రాయించుకొనవలెను. చట్రమున ఏనుగుదంతపు పని యున్నచో వన్యప్రాణి చట్టములు అడ్డుపడును; దానిని ముందే ఊడదీయించుట మేలు. కొయ్యపెట్టె పురుగుపట్టకుండ వేడిచేసినదో మందు పొగ పెట్టినదో అయియుండవలెను. ఆ సంగతి తెలుపు అంతర్జాతీయ ముద్ర కొయ్యపై నుండవలెను. ముద్ర లేనిచో లోపలి చిత్రము క్షేమముగానే యుండును గాని, పెట్టె చెన్నపట్టణము దాటి ఎఱ్ఱగుంట్ల త్రోవ పట్టదు.